పైపులో ఒక్క చోటి సాక్ష్యం

తూము అనే మాటకు తెలుగులో రెండు అర్థాలున్నాయి. చెరువు కట్ట కింద నీళ్లు వదిలే దారి తూము. వడ్లు కొలిచే కొలత కూడా తూమే. వదలడం, కొలవడం ఒకే మాటలో ఎట్లా ఇమిడాయో భాష తెలిసినవాళ్లు చెప్పాలి. చెరువు కింద సేద్యం చేసినవాళ్లకు మాత్రం అందులో వింతేమీ కనిపించదు. తూము దగ్గర నిలబడ్డ నీరటికాడికి నీళ్లు కళ్లముందే పారేవి. కాలువలో ఎన్ని బెత్తెల ఎత్తున పోతున్నాయో చూసి ఎవరి మడికి ఎంతసేపు వదలాలో చెప్పేవాడు. అతని లెక్క తప్పని తోస్తే రైతు అక్కడే నిలబడి జగడమాడేవాడు.

ఇప్పుడు నీళ్లు పైపులోకి దిగాయి. మట్టి కింద మీటరు లోతున ఏం జరుగుతోందో నీరటికాడికీ కనపడదు, ఇంజనీరుకూ కనపడదు. పైపుకు పక్కన రంధ్రం పెట్టి, అందులోంచి ఒక కడ్డీ దించి, దాని కొసన ఉన్న బొటనవేలంత ముక్క చెప్పే మాట నమ్మాలి. ఆ పరికరాన్ని ఇన్సర్షన్ ఫ్లో సెన్సర్ అంటారు. మార్కెట్‌లో దొరికే రకాల గురించి, వాటి ఖచ్చితత్వం గురించి కంపెనీల కాగితాలు చాలానే చెబుతాయి. దాన్ని ఏ చోట, ఏ కోణంలో, ఎన్ని మిల్లీమీటర్ల లోతుకు దించారన్న దాని మీదే మిగతా అంతా ఆధారపడి ఉందన్న సంగతిని మాత్రం ఆ కాగితాలు చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో రాస్తాయి. ఈ వ్యాసం ఆ చివరి పేజీల గురించి.

నకిరేకల్ అంటే చాలామందికి నిమ్మకాయల మార్కెట్ గుర్తొస్తుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీది ఈ పట్టణం చుట్టూ అన్నీ నీళ్ల పనులే. తూర్పున సూర్యాపేట దారిలో 4.46 టీఎంసీల మూసీ ప్రాజెక్టు ఉంది. అందులోకి హైదరాబాద్ వాడి వదిలిన మురుగు కూడా చేరుతుంది. నల్లగొండ వైపు పోతే పానగల్లులో ఉదయసముద్రం. నాగార్జునసాగర్ జలాశయం నుంచి మాధవరెడ్డి ప్రాజెక్టు ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు అక్కడికి చేరతాయి. ఆ ఉదయసముద్రం నుంచి మళ్లీ పైకి తోడే బ్రాహ్మణ వెల్లెంల ఎత్తిపోతలను 2024 డిసెంబరు 7న ప్రారంభించారు. పడమర చిట్యాల, చౌటుప్పల్ దారిలో మందుల పరిశ్రమలున్నాయి. దక్షిణాన మిర్యాలగూడ రైస్ మిల్లులు, కృష్ణ ఒడ్డున సిమెంటు ఫ్యాక్టరీలు, దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం. ఇక హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు తీసుకుపోయే లైన్లు కూడా ఈ జిల్లాలోని కోదండాపూర్ దగ్గరే శుద్ధి చేసుకుని బయల్దేరతాయి. 2004లో మొదటి దశ, 2008లో రెండోది, 2015లో మూడోది. నల్లగొండ ఉమ్మడి జిల్లాలో ఎవరెన్ని నీళ్లు తీసుకుపోతున్నారన్నది పైపుల్లో తేలాల్సిన లెక్క అయిపోయింది.

ఈ నేల మీద ఆ లెక్కకు ఇంకో బరువు కూడా ఉంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ మేలు, వేరే దారి లేకపోతే 1.5 దాకా సరే. ఈ జిల్లా బోరు నీళ్లు చాలాచోట్ల ఆ గీత దాటి ఎముకలను వంచాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ నల్లగొండ పేరే పెట్టింది. ఒక ఊరి పేరు అట్లా ప్రపంచమంతా తిరగడం గర్వపడాల్సిన సంగతి కాదు. 2015 జూన్ 8న చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించి మొదలుపెట్టిన మిషన్ భగీరథ నదుల నుంచి శుద్ధి చేసిన నీళ్లు ఇస్తామంది. తలకు పల్లెలో రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీలో 135, కార్పొరేషన్‌లో 150 అని లెక్క కట్టింది. తలకింత అని చెప్పిన రోజునే కొలవడం తప్పనిసరి అయింది. ఇవ్వాల్సింది లీటర్లలో రాసుకున్నాక ఇచ్చింది కూడా లీటర్లలోనే చూపాలి కదా.

ముప్పై వేల మంది ఉన్న ఒక చిన్న మున్సిపాలిటీని ఊహించుకుందాం. తలకు 135 చొప్పున రోజుకు 40.5 లక్షల లీటర్లు. ఇరవైనాలుగు గంటలూ సమంగా వస్తే సెకనుకు దాదాపు 47 లీటర్లు. ఊళ్లోకి వచ్చే లైను 300 మిల్లీమీటర్ల డక్టైల్ ఐరన్ పైపు, అంటే మన ఫిట్టర్ల భాషలో డీఐ పైపు అనుకుందాం. ఈ ఊరిని, ఈ పైపును వ్యాసం చివరిదాకా వెంట ఉంచుకుంటాను. గాల్లో చెప్పే ఖచ్చితత్వం కంటే ఒక్క పైపు మీద లెక్క చూపడం మేలు.

ఈ పరికరం వెనక చరిత్ర చాలానే ఉంది, క్లుప్తంగా చెప్పుకుందాం. 1732లో ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ పీటో సీన్ నదిలో వంచిన గాజు గొట్టం ముంచి, అందులో లేచిన నీటి ఎత్తును బట్టి వేగం చెప్పాడు. మన ఇంజనీర్ల నోట అది పిటాట్ ట్యూబ్ అయింది. 1790లో జర్మన్ వోల్ట్‌మన్ నీళ్లలో తిరిగే చక్రంతో వేగం కొలిచాడు. 1832లో ఫారడే లండన్‌లో వాటర్లూ వంతెన మీది నుంచి థేమ్స్ నదిలోకి తీగలు దించాడు. భూమి అయస్కాంతత్వంలో పారే నదికి విద్యుత్తు పుట్టాలి కదా అన్నది ఆయన ఆలోచన. ఆలోచన సరైందే, ఆనాటి పరికరాలకు అది అందలేదు. 1941లో స్విట్జర్లాండులో బొనవెంచురా టూర్లిమన్ అనే క్రైస్తవ సన్యాసి ఆ సూత్రాన్ని పైపులోకి తెచ్చాడు. గొట్టం, చక్రం, అయస్కాంతం అనే ఈ మూడు ఆలోచనలూ నేటికీ మూడు రకాల కడ్డీలుగా అమ్ముడవుతున్నాయి. పైపులోకి కడ్డీ దించి ఊరి నీటి వృథాను పట్టే పద్ధతిని 19వ శతాబ్దం చివర అమెరికాలో ఎడ్వర్డ్ కోల్ అనే ఇంజనీరు వృత్తిగా మార్చాడు.

పూర్తి పైపు మీటరు అంటే పైపును కోసి మధ్యలో ఫ్లాంజీలతో బిగించేది. లోపల పోయే నీరంతా దానిగుండా పోతుంది. పైపు వ్యాసం పెరిగేకొద్దీ దాని బరువూ ధరా పెరుగుతాయి. రెండు మీటర్లు దాటిన లైనుకు అలాంటి మీటరు పెట్టాలంటే క్రేను కావాలి, లైను ఆపాలి, ఊరు ఎండాలి. కడ్డీ సెన్సరుకు 200 మిల్లీమీటర్ల పైపయినా 2,000 మిల్లీమీటర్ల పైపయినా ధరలో పెద్ద తేడా రాదు, కడ్డీ కాస్త పొడుగవుతుంది అంతే. లైను ఆపకుండా పెట్టొచ్చు, ఆపకుండా బయటికి తీసి తుడవొచ్చు. దానికి చెల్లించే మూల్యం ఏమిటంటే, పూర్తి పైపు విద్యుదయస్కాంత మీటరు అర శాతం లోపు తప్పుతో చెప్పేచోట కడ్డీ మీటరు మంచి పరిస్థితుల్లో కూడా రెండు, మూడు శాతం తేడా చూపొచ్చు. చెడ్డ పరిస్థితుల్లో ఎంత తేడా చూపుతుందో దాని కాగితంలో ఉండదు.

రకాల మీద నా అభిప్రాయం సూటిగా చెబుతాను. తిరిగే తెడ్డు చక్రం చవక. శుభ్రమైన నీళ్లకు, చిన్న లైన్లకు, ఫ్యాక్టరీలో కూలింగ్ వాటరుకు బాగానే పనిచేస్తుంది. కానీ ఇనుప పైపు తుప్పు రజను దాని రెక్కల్లోని అయస్కాంతాలకు అంటుకుంటుంది, పీచో ప్లాస్టిక్ ముక్కో చుట్టుకుంటే ఆగిపోతుంది. ఆగిన మీటరు సున్నా చూపుతుంది కనుక కనీసం తెలుస్తుంది. సగం ఆగినది మాత్రం మౌనంగా తక్కువ చూపుతూ పోతుంది. శుద్ధి కాని నీళ్లకు, మురుగుకు కదిలే భాగమేదీ లేని విద్యుదయస్కాంత కడ్డీయే దిక్కు. అయితే నీటికి కొంత విద్యుద్వాహకత ఉండాలి. బాయిలరు కండెన్సేటు వంటి అతి శుద్ధ జలానికి అది పనికిరాదు. రైస్ మిల్లులో ఉప్పుడు బియ్యానికి వాడే ఆవిరికి వోర్టెక్స్ కడ్డీ గానీ, చిన్న రంధ్రాల వరసతో పైపు అడ్డంగా పోయే సగటు పిటాట్ గానీ పెడతారు. అక్కడ పీడనం, ఉష్ణోగ్రత కూడా చదివి సాంద్రత లెక్కవేయకపోతే వచ్చే అంకె కేవలం అలంకారం. ఆవిరి సంగతి వేరే వ్యాసం, ఇక్కడితో వదిలేస్తాను.

ఇక అసలు చిక్కుకు వద్దాం. పైపులో నీళ్లు అంతటా ఒకే వేగంతో పోవు. గోడను రాసుకునే నీరు దాదాపు నిలిచే ఉంటుంది, నడిమధ్య నీరు అన్నిటికంటే జోరుగా పోతుంది. ఏరు దాటినవాళ్లందరికీ తెలిసిన సంగతే, ఒడ్డున మోకాళ్ల దగ్గర మెల్లగా, నడుమ కాళ్లు లాగేసేంతగా. కడ్డీ సెన్సరు ఈ మొత్తంలో ఒక్క చోటి వేగమే చూస్తుంది. మిగతా నీళ్ల గురించి అది చెప్పేదంతా ఊహ. నిలకడగా, సుడి లేకుండా పారే పైపులో ఆ ఊహకు గట్టి ఆధారముంది. సగటు వేగం నడిమధ్య వేగంలో ఇంచుమించు 82 శాతం ఉంటుంది. ఆ సగటు వేగమే సరిగ్గా దొరికే చోటొకటి గోడకు దగ్గర్లో ఉంటుంది. ఐఎస్ఓ 7145 ప్రమాణం ఆ చోటును గోడ నుంచి వ్యాసార్ధంలో 0.242 వంతు దూరంలో చూపుతుంది. వ్యాసంలో చూస్తే ఎనిమిదో వంతుకు కాస్త తక్కువ. అందుకే పనిచేసేవాళ్లలో రెండు బడులున్నాయి, నడుమ పెట్టి 0.82తో గుణించేవాళ్లు, ఎనిమిదో వంతులో పెట్టి నేరుగా చదివేవాళ్లు.

మన 300 మిల్లీమీటర్ల పైపు మీద రెండిటినీ పరీక్షిద్దాం. ఎనిమిదో వంతు బడి ప్రకారం సెన్సరు కొస గోడ నుంచి 37 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. చెయ్యి తప్పి 47 దగ్గర పెడితే వేగం మూడున్నర శాతం ఎక్కువ కనిపిస్తుంది, 27 దగ్గర పెడితే నాలుగు శాతానికి పైగా తక్కువ. నడుమ పెట్టేటప్పుడు అదే పది మిల్లీమీటర్లు తప్పితే తేడా ఒక శాతం కూడా రాదు, ఎందుకంటే నడిమధ్య వేగం చదునుగా ఉంటుంది. మరి అందరూ నడుమే పెట్టొచ్చు కదా? అక్కడ 0.82 అన్న సంఖ్యను నమ్మాలి. పైపు గరుకుదనం మారితే, వేగం బాగా తగ్గితే అది కదులుతుంది. పైగా పెద్ద పైపులో నడిమధ్యకు చేరాలంటే మీటరు పొడుగు కడ్డీ కావాలి. అంత పొడుగు కడ్డీ వెనక సుడులు లేచి అది వీణ తీగలా అదురుతుంది, ఏళ్లు గడిచాక విరిగి పంపులోకి పోయినా ఆశ్చర్యం లేదు. కాబట్టి చిన్న పైపుల్లో, లోతు కొలవడం మీద నమ్మకం లేనిచోట నడుమ పెట్టడం మేలు. పెద్ద పైపుల్లో, స్కేలు పట్టి ఓపిగ్గా కొలిచే మనిషి ఉన్నచోట ఎనిమిదో వంతు మేలు. మొత్తం మీద కొలిచే మనిషిని చూసి బడిని ఎంచుకోవాలి.

లోతు కొలవడం చెప్పినంత తేలిక కాదు. కావాల్సింది లోపలి గోడ నుంచి దూరం, చేతికందేది బయట. కడ్డీ దిగే బాల్ వాల్వు ముఖం నుంచి పైపు పైభాగం దాకా ఎత్తు, దానికి పైపు మందం, దానికి లోపలి సిమెంటు పూత, వీటన్నిటికీ కావాల్సిన లోతును కలిపి కడ్డీ మీద గీత గీసుకోవాలి. వాల్వు కింది మూడు మిల్లీమీటర్ల గాస్కెట్టును మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

పైపు లోపలి వ్యాసం దగ్గర జరిగే తప్పు ఇంతకంటే పెద్దది, ఇంతకంటే నిశ్శబ్దమైనది. సెన్సరు చెప్పేది వేగం. దాన్ని లీటర్లుగా మార్చేది పైపు అడ్డుకోత వైశాల్యం. ఆ వైశాల్యం మనం మీటరులో టైపు చేసే ఒక అంకె నుంచి వస్తుంది. 300 డీఐ పైపు అంటే 300 టైపు చేస్తారు. కానీ ఆ పైపు బయటి వ్యాసం 326 మిల్లీమీటర్లు, కే9 తరగతిలో ఇనుము మందం 7.2, సిమెంటు పూత 3. రెండు వైపులా తీసేస్తే లోపల మిగిలేది 305.6. వ్యాసంలో రెండు శాతానికి కూడా తక్కువ తేడా, వైశాల్యానికి వచ్చేసరికి 3.8 శాతం అవుతుంది. అంటే మీటరు 40.5 లక్షల లీటర్లు చూపిన రోజున నిజంగా ఊళ్లోకి వచ్చింది లక్షన్నర లీటర్లు ఎక్కువ. ఊరికి వచ్చిన నష్టమేమీ లేదు. ఆ లక్షన్నర, పైపు చివరనున్న పదిహేను వందల మంది పల్లెకు ఒక రోజు వాటా. వాళ్ల ట్యాంకు ఎందుకు నిండలేదో ఏ రిజిస్టరు చూసినా దొరకదు. ఇక టేపు పెట్టి కొలిచి బయటి వ్యాసం 326 టైపు చేసేవాళ్లూ ఉన్నారు. అప్పుడు మీటరు దాదాపు 14 శాతం ఎక్కువ చూపి, లైనులో ఎక్కడో దొంగ కనెక్షను ఉందని అందరినీ పరిగెత్తిస్తుంది.

ఇనుప పైపు పాతబడి లోపల తుప్పు గడ్డలు కడితే ఏ పట్టికా ఆదుకోదు. మందం కొలిచే అల్ట్రాసోనిక్ గేజి లోహం ఎంత మిగిలిందో చెబుతుంది గానీ లోపల పేరుకున్నది ఎంతో చెప్పదు. దాన్ని చూసే అవకాశం ఒకటుంది, చివర్లో చెబుతాను.

చోటు ఎంచుకోవడం దగ్గర అందరికీ కంఠతా వచ్చిన సూత్రం ఒకటుంది: సెన్సరుకు ముందు పది వ్యాసాలు, వెనక ఐదు వ్యాసాల తిన్నని పైపు. అది మెత్తటి అడ్డంకులకు సరిపోయే సూత్రం. ముందు ఒక బెండు ఉంటే ఇరవై వ్యాసాలు వదలమని తయారీదారులే చెబుతారు. ఒకటి పైకి, ఒకటి పక్కకు తిరిగిన రెండు బెండులు వరసగా ఉంటే నీళ్లు మరమేకులా సుడి తిరుగుతూ పోతాయి, ఆ సుడి అణగడానికి యాభై వ్యాసాల దూరం కూడా పట్టొచ్చు. పంపు ముందున్నా, సగం మూసిన వాల్వు ముందున్నా అంతే. మన పైపు మీద యాభై వ్యాసాలంటే పదిహేను మీటర్లు. పూర్తి పైపు విద్యుదయస్కాంత మీటరు ఇంతగా అడగదు, అది అడ్డుకోతంతటినీ చూస్తుంది కాబట్టి ఐదు వ్యాసాలతో సర్దుకుంటుంది. కడ్డీ సెన్సరుదే అసలు తమాషా. ఇరుకు పంపు హౌసుల్లో, పాత లైన్ల మీద, మరేదీ పట్టనిచోట పెట్టొచ్చని దాన్ని కొంటాం. అదేమో అందరికంటే విశాలమైన చోటు అడుగుతుంది.

వాల్వు చాంబరు కట్టేది సివిల్ వాళ్లు. వాళ్లకు తేలికైన చోటు బెండు దగ్గర, రోడ్డు మలుపులో, భూమి తగాదా లేనిచోట. సెన్సరు పట్టుకుని వచ్చిన ఫిట్టరు చూసి, "ఈడ జాగ ఏడుంది సార్, బెండు కాడ్నే పెట్టాలె" అంటాడు. సారు కూడా ఊఁ అంటాడు, ఎందుకంటే సాయంత్రానికి ఫొటో పంపాలి. అక్కడ ఏడేళ్లపాటు తప్పు చెప్పబోయే మీటరుకు పునాది పడుతుంది. వాల్వుతో ప్రవాహాన్ని తగ్గించే చోట సెన్సరు వాల్వుకు వెనక కాదు, ముందు ఉండాలి. సగం తెరిచిన బటర్‌ఫ్లై వాల్వు దాటిన నీరు గోడ కొట్టుకుంటూ పోతుంది, అక్కడ పెట్టిన కడ్డీ వాల్వు పళ్లెం తిరిగినప్పుడల్లా కొత్త కథ చెబుతుంది.

చోటు ఎక్కడా దొరకకపోతే రెండు మార్గాలు. ఒకటి, కడ్డీని పైపు అడ్డంగా అంచెలంచెలుగా జరుపుతూ, వీలైతే రెండో వైపు నుంచి కూడా రంధ్రం పెట్టి, పది పన్నెండు చోట్ల వేగం చదివి ఆ పైపుకు, ఆ చోటుకు మాత్రమే చెల్లే గుణకం కట్టుకోవడం. ఓపికతో కూడిన పని, కానీ నిజమైన పని. ప్రవాహం బాగా మారితే ఆ గుణకం మళ్లీ కట్టుకోవాలి. రెండోది నాకు నచ్చినది. ఓవర్‌హెడ్ ట్యాంకుకు నీళ్లెక్కే నిలువు పైపు ఉంటుంది చూడండి, దాని మీద పెట్టడం. పైకెక్కే నీళ్లు పైపును నిండుగా ఉంచుతాయి, గాలి నిలవదు, ఒండు అడుగున పేరుకోదు. పన్నెండు మీటర్ల ట్యాంకు కింద బెండు నుంచి ఇరవై వ్యాసాలు వదిలినా ఆరు మీటర్ల ఎత్తులో సెన్సరు కూర్చుంటుంది, పైన ఇంకా కావాల్సినంత తిన్నని పైపు మిగులుతుంది. అయితే నిచ్చెనెక్కి తుడవాలి, పిడుగుల కాలంలో ఎర్తింగు గట్టిగా చూసుకోవాలి. చాంబరులో వాననీళ్లలో మునిగి కుళ్లే సెన్సరు కంటే నిచ్చెనెక్కాల్సిన సెన్సరు నయం.

అడ్డంగా పోయే పైపు మీదే పెట్టాల్సి వస్తే, పైపు ముఖాన్ని గడియారంలా ఊహించుకోవాలి. పన్నెండు గంటల చోట గాలి బుడగలు చేరతాయి. ఆరు గంటల చోట ఇసుక, ఒండు. రెండు గంటలు లేదా పది గంటల కోణం మంచిది, మురికి నీళ్లయితే మూడు గంటలు. ఈ ఎగుడుదిగుడు నేల మీద లైను గుట్ట ఎక్కి దిగేచోట గాలి తప్పకుండా నిలుస్తుంది, ఎయిర్ వాల్వు పక్కనే సెన్సరు పెట్టడమంటే గాలి కొలవడమే. రోజుకు రెండు పూటలే వదిలే లైన్లలో ఇంకో ఇబ్బంది ఉంది. నీళ్లు మొదలయ్యేటప్పుడు ముందు గాలి దూసుకొస్తుంది, తెడ్డు చక్రం ఆ గాలికే గిర్రున తిరిగి రాని నీళ్లకు లెక్క కడుతుంది. కింది వాలులో సగం నిండిన పైపు అయితే వేగం నిజమే చెప్పినా వైశాల్యం అబద్ధమవుతుంది.

నీళ్లు పోతుండగానే రంధ్రం పెట్టడాన్ని హాట్ ట్యాపింగ్ అంటారు. డీఐ పైపుకు, ప్లాస్టిక్ పైపుకు సాడిల్ అనే పట్టీ బిగించాలి. ఎంఎస్, అంటే మైల్డ్ స్టీల్ పైపుకు సాకెట్టు వెల్డింగు చేస్తారు గానీ, ఆ వేడికి లోపలి పూత కాలి పెచ్చులు లేస్తుందని గుర్తుంచుకుంటే అక్కడా సాడిల్ వైపే మనసు పోతుంది. సాడిల్ మీద పూర్తిగా తెరుచుకునే బాల్ వాల్వు, దాని మీద డ్రిల్లింగు మిషను. రంధ్రం పడ్డాక డ్రిల్లును వెనక్కి లాగి వాల్వు మూసి, మిషను తీసి సెన్సరు బిగించి, వాల్వు తెరిచి కడ్డీ దించాలి. చాలామంది తేలిగ్గా తీసుకునే అపాయం ఇక్కడుంది. లైనులో చదరపు సెంటీమీటరుకు 10 కిలోల పీడనం ఉంటే, 25 మిల్లీమీటర్ల మందం కడ్డీని నీళ్లు దాదాపు 50 కిలోల బలంతో బయటికి తోస్తాయి. ఒక బియ్యం బస్తా బరువది. పంపు ఆగి నీళ్లు వెనక్కి కొట్టే క్షణంలో అది రెట్టింపు అయినా కావచ్చు. పట్టు నట్టు వదులు చేస్తూ ముఖం కడ్డీ మీదికి వంచి చూసేవాడి దవడ కింద ఆ బస్తా లేస్తుంది. అందుకే మంచి సెన్సర్లకు గొలుసు ఉంటుంది, ఆ గొలుసు అలంకారమని తీసి పక్కన పెట్టేవాళ్లూ ఉంటారు. కడ్డీని దించేటప్పుడూ తీసేటప్పుడూ మనిషి పక్కన నిలబడాలి, ఎదురుగా కాదు. పాత ఆస్బెస్టాస్ సిమెంటు పైపులు, పోతపోసిన పాత ఇనుప పైపులు ఉన్నచోట లైను ఆపి చేయడమే క్షేమం, పగిలితే ఊరంతా వీధి మీదికి వస్తుంది.

దిశ సంగతి రెండు మాటల్లో. కడ్డీ మీది బాణం పైపు అక్షానికి సరిగ్గా సమాంతరంగా ఉండాలి. పది డిగ్రీలు తిరిగితే ఒకటిన్నర శాతం తక్కువ చూపుతుంది, ఆపైన తప్పు వేగంగా పెరుగుతుంది. కంటి అంచనా చాలదు, కడ్డీ చేతిపిడి మీద సన్న కమ్మీ పెట్టి పైపు పొడుగునా చూసుకోవాలి. ప్లాస్టిక్ పైపు మీద విద్యుదయస్కాంత సెన్సరుకు నీటిని తాకే ఎర్తు ఇవ్వకపోతే పక్కనున్న పంపు మోటారు నడిచినంతసేపూ అంకెలు ఊగుతాయి. కేబులు కవచాన్ని ఒక కొసనే ఎర్తు చేయాలి.

పరిశ్రమల వైపు పోతే ఈ లెక్కకు కాలుష్య నియంత్రణ వాళ్ల కన్ను తోడవుతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014 ఫిబ్రవరిలో 17 రకాల పరిశ్రమలకు వ్యర్థజలాలను ఆన్‌లైన్‌లో ఎప్పటికప్పుడు చూపమని ఆదేశించింది, మందుల పరిశ్రమ అందులో ఉంది. వ్యర్థాల లైనులో కడ్డీ కొస మీద జిడ్డు, మడ్డి పేరుకుంటాయి, వారానికోసారి తీసి తుడవకపోతే రీడింగు నెమ్మదిగా పడిపోతుంది. అక్కడ తక్కువ చూపే మీటరు ఎవరికి లాభమో వివరించనక్కర్లేదు. రాజ్యం అడిగే లెక్కకు కడ్డీ సెన్సరు కాకుండా పూర్తి పైపు మీటరే పెట్టాలని నా పట్టుదల. కడ్డీని లోపల వాడకానికి, పంపుల నిఘాకు, లీకుల వేటకు ఉంచుకోవచ్చు.

ఇంతా చేశాక అది నిజం చెబుతోందని తెలిసేదెట్లా? కేరళలో పాలక్కాడ్ దగ్గర 1987 నుంచి నడుస్తున్న ద్రవ నియంత్రణ పరిశోధన సంస్థ మీటర్లను పరీక్షించి పత్రమిస్తుంది. ఆ పత్రం సెన్సరు గురించి చెబుతుంది, మన పైపు గురించి చెప్పదు. బయటి నుంచి పట్టీ కట్టే అల్ట్రాసోనిక్ మీటరు తెచ్చి సరిపోల్చడం ఇప్పుడు ఆనవాయితీ. ఇక్కడ ఒక బోను ఉంది. ఆ మీటరులో కూడా పైపు వ్యాసం టైపు చేయాలి. రెండిట్లో అదే తప్పు 300 కొడితే రెండూ ముచ్చటగా ఒకే అంకె చూపుతాయి. ఒకే అబద్ధం నేర్పిన ఇద్దరు సాక్షులు ఒకరినొకరు బలపరిచినట్టు.

నమ్మదగిన పరీక్ష ట్యాంకే. ఎనిమిది మీటర్ల వ్యాసమున్న గుండ్రని ట్యాంకులో ఒక్క సెంటీమీటరు నీళ్లు దాదాపు 500 లీటర్లు. కిందికి పోయే వాల్వులన్నీ మూసి, ట్యాంకు గోడకు స్కేలు కట్టి, మీటరు లెక్క రాసుకుని నీళ్లు వదలాలి. మన లైనులో సెకనుకు 47 లీటర్లు వస్తుంటే మీటరు ఎత్తు నిండడానికి పద్దెనిమిది నిమిషాలు పడుతుంది. స్కేలు మీద అర సెంటీమీటరు తప్పు చదివినా తేడా అర శాతమే. ట్యాంకు లోపలి వ్యాసాన్ని డ్రాయింగు చూసి కాదు, టేపు పట్టి కొలవాలి. మూసిన వాల్వు నిజంగా మూసుకుందా అని ముందు ఓ గంట నీటిమట్టం చూడాలి. ఒక చేతి గడియారం, ఒక టేపు, ఇద్దరు మనుషులు, ఒక పూట. ఏడాదికోసారి ఈ పని చేసిన ఊళ్లో మీటరు మీద తగాదా ఉంటే అది కనీసం అర్థమున్న తగాదా అవుతుంది.

ఇక చివర్లో చెబుతానన్న సంగతి. రంధ్రం పెట్టినప్పుడు పైపు నుంచి రూపాయి బిళ్లకంటే కాస్త పెద్ద గుండ్రటి ముక్క తెగి వస్తుంది. మంచి డ్రిల్లు దాన్ని పట్టుకుని బయటికి తెస్తుంది, నాసిరకం డ్రిల్లు పైపులోకి వదిలేస్తుంది, అది కొట్టుకుపోయి ఏ వాల్వు సీటులోనో ఇరుక్కుంటుంది. బయటికి వచ్చిన బిళ్లను చాలామంది బురదలోకి విసిరేస్తారు. దాన్ని కడిగి అంచు చూస్తే ఇనుము ఎంత మందం, సిమెంటు పూత ఎంత, దాని మీద ఎంత గడ్డ కట్టింది అన్నీ కనిపిస్తాయి. వెర్నియర్ కాలిపర్స్‌తో ఒక్క నిమిషం పని. ఆ కొలతతో మీటరులోని వ్యాసాన్ని దిద్దుకుని, బిళ్ల మీద తేదీ, లైను పేరు పెయింటుతో రాసి, మీటరు పెట్టె లోపల తీగతో కట్టి వేలాడదీయాలి.